కదలని పుల్ల

పడవ చింతతోపు మలుపు తిరిగి కనుమరుగైంది. దాన్ని తిప్పి పంపింది భద్రమ్మే. పడవవాళ్లు తాడు విసరబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, తనకు వచ్చిన హిందీలో, ఇక్కడ నీళ్లు నిలబడ్డాయనీ, పొలాల అవతలి పారా గూడెంలో పసిపిల్లలతో చెట్లెక్కి కూర్చున్నారనీ, ముందు వాళ్లను చూడమనీ చెప్పింది. "పక్కా, అమ్మా?" అని జవాను రెండోసారి అడిగాడు. భద్రమ్మ తల తిప్పి పుల్ల వైపు చూసింది. పుల్ల నిన్న ఎలా ఉందో అలాగే నీటి అంచున నిలబడి ఉంది. "పక్కా," అంది. రేపటిదాకా మళ్లీ ఇటు రాలేమని చెప్పి వాళ్లు వెళ్లిపోయారు.

శబరి పొంగి రేవుగూడెం మునిగినప్పుడు ముందుగా కదిలినవాళ్లు కొంటా రోడ్డు అందుకున్నారు. మూటలు కట్టుకుంటూ, కోళ్లను పట్టుకుంటూ ఆలస్యమైనవాళ్లకు ఈ బడి దిబ్బే దిక్కయింది. ఒక వరుసలో గదులు, ముందు పచ్చిగడ్డి మొలిచిన పల్లపు ఆవరణ, చుట్టూ ఎర్రనీళ్లు. ఎక్కిన సాయంత్రమే జీపు నడిపే ప్రవీణ్‌కుమార్ ఫోన్‌లో ఒక గొంతు వినిపించింది. పైన డ్యాము తెగిందట, పొద్దుగూకే లోపల కొంటా అనే పేరే ఉండదట. ఆ గొంతు ఎవరిదో, ఏ ఊరిదో ఎవరూ అడగలేదు. భద్రమ్మ మరిది రాంచందర్ అది విని, లేచి, గోడ దూకి నేరుగా నీళ్లలోకి పరుగెత్తాడు. నలుగురు మగవాళ్లు పట్టి ఈడ్చుకొచ్చారు.

భద్రమ్మ ఆ పూటే ఫోన్ లాక్కుని బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించింది. ఒక టేకు పుల్లకు పసుపు పూసి, నీటి అంచున పాతింది. "వాడెవడో కొంటాల కూసోని చెప్పింది నమ్మకుండ్రి. కండ్ల ముందర ఉన్నది చూడుండ్రి. నీళ్లు పుల్లను దాటితే పెరిగినట్టు, పుల్లను ఇడిస్తే తగ్గినట్టు," అని అందరికీ చెప్పింది. నది ఒడ్డు ఊళ్లలో అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. పెద్ద ముత్తైదువో, ఇంటి పెద్దో పుల్ల పాతితే, నీళ్లు వెనక్కి పోయేదాకా దాన్ని ఇంకొకరు తాకరు. తాకితే నదిని చెయ్యి పట్టి ఇంట్లోకి పిలిచినట్టే.

పుల్ల కదలలేదు. దిబ్బ మీద మనుషులు కూడా కుదుటపడ్డారు. పిల్లలు పాటలు పాడారు. ఆడవాళ్లు ఒకరి తలలు ఒకరు దువ్వుకున్నారు.

పడవ పోయాక మధ్యాహ్నం వాన కాస్త తెరిపిచ్చింది. గదిలో కిటికీ పక్కన రాంచందర్ చాట ఒళ్లో పెట్టుకుని రేషన్ బియ్యంలో రాళ్లు ఏరుతున్నాడు. ఆ పని భద్రమ్మే ఇచ్చింది. పోయిన పెద్ద వరదలో అతని ఎడ్ల జత కట్టుకొయ్యకే ఉండిపోయింది. కప్పు మీద కూర్చుని వాటి అరుపులు విన్నాడు. అవి ఆగిపోయాక కూడా విన్నాడు. ఇప్పటికీ వింటాడు. ఊళ్లోవాళ్లు గాలి సోకిందన్నారు. భద్రాచలం డాక్టరు మాత్రం భయం లోపల కూర్చుండిపోయింది, మెల్లగా పోతుంది అని మాత్రలు రాశాడు. ఆ మాత్రలు ఇంటి గూట్లో ఉన్నాయి, గూడు నీళ్లలో ఉంది. అందుకని భద్రమ్మ చాట ఇచ్చింది. "ఇప్పపూలు ఏరేటప్పుడు చెట్టు కింద మొత్తం చూస్తమా? చూస్తే ఆడనే కూలబడుతం. చెయ్యి ముందరి పువ్వునే చూస్తం. గట్లనే ఈ గింజ, తర్వాత ఆ గింజ," అని చెప్పింది. రాంచందర్ తలెత్తకుండా ఏరాడు. గింజకూ గింజకూ మధ్య ఒకసారి కిటికీలోంచి పుల్లను చూసుకునేవాడు.

"ఏంది అల్లుడా, మా ఊరి ఆడోళ్లకు పని లేకుంట చేస్తన్నవు," అంది కోసి. ఆ దిబ్బ మీద అందరికంటే పెద్దది ఆమె. దోర్ల తెగ మనిషి. నోట్లో పళ్లు లేకపోయినా మాటకు పదును తగ్గలేదు. "ఇట్ల ఏరుడు నేర్చినోన్ని నా మనవరాలికి చేసుకుందును, నీకు పెండ్లి కాకపోయి ఉంటే."

"కోసమ్మా, ఆమె ఊకోదు," అన్నాడు ప్రవీణ్‌కుమార్, రాంచందర్ భార్య కృష్ణకుమారి వైపు చూపించి.

"ఊకోకపోతే పంచుకుంటం."

గదంతా నవ్వింది. రాంచందర్ పెదవి కొంచెం కదిలింది. కృష్ణకుమారి మాత్రం నవ్వలేదు. ఆమె గోడకు ఆనుకుని భర్త చేతులనే చూస్తోంది.

"పెద్దమ్మా, ఒక్కపాలి ఫోన్ తీద్దాం," అన్నాడు ప్రవీణ్‌కుమార్. "ఏమైతందో తెల్వాలె గదా. గుడ్డోళ్ల లెక్క కూసున్నం."

"నీ ఫోను మమ్ముల ఇప్పటికే ఒకపాలి ముంచింది," అంది కోసి. "సచ్చినోళ్లను మళ్ల సంపుతదా?"

"పొద్దుగూకినాక తీద్దాం," అంది భద్రమ్మ. "ఇప్పుడు తీసి ఏం చేస్తవు? అది చెప్పేదంతా మనకు చెయ్యి అందని సంగతే."

ఆ మాట అని ఆమె జావ గిన్నె తీసుకుని లేచింది. ఇన్నాళ్లూ చూరు కింద పెట్టిన గంగాళంలో వాన నీళ్లతోనే గిన్నెలు తోముకున్నారు. వాన ఆగేసరికి చూరు కారడం ఆగింది, గంగాళం అడుగంటింది. కృష్ణకుమారి గబుక్కున లేచి, "నేను తోమి తెస్త ఇయ్యక్కా, నీ మోకాలు నొప్పి," అని చెయ్యి చాచింది.

"నడవకపోతే ఈ మోకాలు ఇంకా బిగుసుకుంటది. కూసో."

పుల్లకు కొంచెం పక్కగా నీటి అంచుకు దిగింది భద్రమ్మ. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, గిన్నెను నీళ్లలో ముంచుదామని రెండడుగులు ముందుకు వేసింది. కాలి బొటనవేలు ఠక్కున దేనికో తగిలింది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తిట్టుకుంటూ వంగి చేత్తో తడిమింది.

నున్నటి బండ. అంచున ఒక పక్క విరిగిపోయి ఉంది.

ఆ విరుగు ఆమె చేతికి తెలుసు. ఈ బడిలో వంట చేసిన రోజుల్లో ఎన్ని గంజి గిన్నెలు దాని మీద బోర్లించిందో. పిల్లలు పళ్లేలు తోముకునే బండ అది. పుల్ల పాతిన సాయంత్రం ఆ బండ మీద కాసేపు కూర్చుని, లేచి వెళ్లి దానికి చాలా దిగువన, గడ్డి అయిపోయే చోట పుల్ల దింపింది. ఇప్పుడు బండ నీళ్ల కింద ఉంది. పుల్ల ఆమె వీపు వెనక, ఒడ్డున ఉంది.

భద్రమ్మ అలాగే వంగి ఉండిపోయింది. చింతతోపు, మలుపు, పడవ, జవాను ముఖం, తన నోట్లోంచి వచ్చిన "పక్కా" అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ఊపిరి పైపైనే ఆడుతోంది, కిందికి దిగడం లేదు. ఇప్పుడు లేచి కేకేస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. గదిలోంచి జనం ఒక్కసారిగా పరుగెత్తుకొస్తారు. పోవడానికి చోటు లేని జనం.

ఆమె కేకెయ్యలేదు. గుప్పెడు మట్టి తీసుకుని గిన్నె తోమడం మొదలుపెట్టింది. అడుగున అంటిన మాడు మీదే చూపు నిలిపింది. మాడు కొంచెం కొంచెంగా వదిలింది. గిన్నె మెరిసేసరికి ఊపిరి కడుపుదాకా దిగింది. అప్పుడు తలెత్తి నీళ్లను చూసింది. దిగువ నుంచి ఒక గడ్డికప్పు ముక్క కొట్టుకొస్తోంది. దిగువ నుంచి ఎగువకు. కింద గోదావరి నిండిపోయి శబరిని ఎదురు తంతోంది. ఇలా వెనక్కి మళ్లిన నీరు రోజుల తరబడి దిగదు, పెరుగుతూనే ఉంటుంది.

"కిష్ణా," అని పిలిచింది, మామూలు గొంతుతోనే. "ఒక్కపాలి ఇటు రా."

కృష్ణకుమారి వచ్చింది. పిలుస్తుందని ఎదురుచూస్తున్నట్టే వచ్చింది.

"ఈడ కాలు పెట్టు."

"అక్కా..."

"పెట్టు. ఏం తగిలింది?"

"రాయి."

"ఏం రాయి?"

కృష్ణకుమారి కాలు వెనక్కి తీసుకుంది.

"పిల్లలు పళ్లేలు తోమే బండ. దీనికి ఎంత కిందనో పుల్ల పాతిన నేను. బండ ఈత కొట్టుకుంట కిందికి పోయిందా, పుల్ల నడుసుకుంట మీదికి వచ్చిందా?"

"నేనే అక్కా." చాలా చిన్న గొంతు. "నేనే తీసి పాతిన."

"ఎన్నిసార్లు?"

"లెక్క పెట్టలే. ఆయన అడిగినప్పుడల్ల."

భద్రమ్మ చెయ్యి లేచింది. గిన్నె ఉన్న చెయ్యి. దాన్ని మళ్లీ కిందికి దించుకుంది.

"మొదటి దినం నీళ్లు పుల్లను దాటినయి," అంది కృష్ణకుమారి. "ఆయన కిటికీలకెల్లి చూసిండు. చేతుల చాట వణికి బియ్యమంతా కింద పడ్డయి. కండ్లు మళ్ల అట్లయినయి, గోడ దూకిన్నాడు అయినట్టు. నేను చూసొస్త అని చెప్పి వచ్చిన. పీకి మీద పాతిన. లోపటికి పోయి, ఉన్నకాడనే ఉన్నయి అన్న. చాట నిలబడ్డది. అక్కా, ఆ మనిషి చేతులు నిలబడంగ చూసి ఎన్నేండ్లయింది నేను! ఆ పూట కడుపునిండ తిన్నడు. నా పక్కన పండి గురక పెట్టిండు. ఆ గురక విని నేను ఏడ్చిన."

"పడవ వచ్చినప్పుడు?"

"చెప్దామనే బయటికి వచ్చిన. నువ్వు పక్కా అన్నవు. కోసక్క పుల్లకు దండం పెడతంది. అందరు నీ దిక్కే చూస్తన్నరు. నా నోరు లెవ్వలే."

"నా నోటితోని చెప్పిచ్చినవు గదనే, నీ నోటితోని చెప్పలేక," అంది భద్రమ్మ. "ఇంతమంది పాణాలు నా మాట మీద కూసోబెట్టినవు. నేను ఎవల మీద కూసోవాలె చెప్పు?"

కృష్ణకుమారి ఆమె చెయ్యి పట్టుకుంది. "చెప్పకక్కా. రేపు పడవొస్తది గదా. ఈ ఒక్క పూట ఓర్చుకుందాం."

"గడ్డికప్పు ఎటు పోతందో చూడు." భద్రమ్మ చూపించింది. "గోదావరి ఎదురు తంతంది. ఇయ్యాల కిటికీల కూసోని పుల్లను చూస్తన్నం. రేపటికి కప్పు మీద కూసోని కిటికీ ఏడున్నదని ఎతుకుతం. పడవ ఇప్పుడు అవతలి పారాల ఉంటది. ఇప్పుడే పిలవాలె. పిలవాలంటే లోపటోళ్లకు చెప్పాలె."

"చెప్తే ఆయన నీళ్లల్లకు ఉరుకుతడు."

"నేను పట్టుకుంట."

"కోసక్కను పట్టుకుంటవా? పుల్ల పీకినామె నదిని పిలిచిందంటరు. రేపు నీళ్లు దిగినాక ఏ ఇల్లు కూలినా, ఎవల గొడ్డు పోయినా నా పేరే చెప్తరు. మొగుడు పిచ్చోడు, పెండ్లాం ఊరును ముంచింది అంటరు. మేము ఇంక ఈ ఊళ్లె ఎట్ల బతుకుతం?"

కృష్ణకుమారి చెప్పింది జరగని సంగతి కాదు. భయపడ్డ జనానికి నది మీద కోపం తీర్చుకునే వీలుండదు, పక్కింటి ఆడదాని మీద ఉంటుంది. చెప్తే ఈ ఇద్దరూ పోతారు, చెప్పకపోతే అందరూ. ముందు నీళ్లు, వెనక గది. నిలబడ్డ చోటు కూడా మెల్లగా మెత్తబడుతోంది.

ఇన్నాళ్లూ అందరికీ కండ్ల ముందరిది చూడండి అని చెప్పింది తానే. కిటికీ దగ్గర కూర్చుని చూసింది కానీ, తాను మాత్రం ఒక్కసారి దిగి చూడలేదు. నీళ్లంటే తనకూ భయమే. ఆ భయాన్ని మోకాలు నొప్పి కింద దాచుకుంది.

"వదినె, దాన్నేమనకు."

ఇద్దరూ ఉలిక్కిపడి తిరిగారు. రాంచందర్ మెట్లు దిగి, గడ్డిలో నిలబడి ఉన్నాడు. చాట ఇంకా చంకలోనే ఉంది. గోడ దూకిన తర్వాత అతను గది గడప దాటడం ఇదే మొదటిసారి.

"నువ్వెందుకొచ్చినవయ్యా," అని కృష్ణకుమారి ఎదురు పరుగెత్తింది. "నీళ్లు ఉన్నకాడనే ఉన్నయి. పా, లోపటికి పా."

"ఉన్నకాడ లేవు," అన్నాడు రాంచందర్. "నాకు తెల్సు. మొదటిపాలి నువ్వు పీకంగనే చూసిన. కిటికీ పక్కనే గదా కూసున్న."

వాన తుంపర మళ్లీ మొదలైంది. ముగ్గురిలో ఎవరూ తల కప్పుకోలేదు, పక్కకు జరగలేదు.

"చూసి?" అంది భద్రమ్మ.

"చూసి ఊకున్న. అది లోపటికి వచ్చి, ఉన్నకాడనే ఉన్నయి అని, నా మొఖం దిక్కు చూసింది వదినె. నేను నమ్మినట్టు తల ఊపిన. అప్పుడు దాని మొఖం... ఇన్నేండ్లల్ల అట్ల లేదు. నేను తింటే అది తింటంది. నేను పండుకుంటే అది కన్ను మూస్తంది. అందుకని తిన్న. గురక కూడ..." అతను సిగ్గుపడినట్టు తల దించుకున్నాడు. "గురక ఊకెనే పెట్టిన."

కృష్ణకుమారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పడవ పోతుంటే ఎందుకు నోరిప్పలేదురా?" భద్రమ్మ గొంతు ఈసారి పైకి లేచింది.

"ఇప్పితే దీని పేరు బయటపడతది. నాకు భయమైతే ఎడ్లు అరిచినట్టు ఇనిపిస్తది, అంతే. దీన్ని పదిమంది నిలబెట్టి తిట్టుడు ఇనలేను. ఇప్పుడు గడ్డికప్పు చూసిన. ఇంక దాస్తే అందరం పోతం అనిపిచ్చింది."

భద్రమ్మ మరిది చేతుల వైపు చూసింది. వణుకుతున్నాయి. ఇన్నాళ్లూ ఆ చేతులు నిలబడి ఉన్నాయని తాను సంబరపడింది. అవి నిలబడి లేవు, బిగబట్టి ఉన్నాయి. ఈ దిబ్బ మీద ఎవరికి వారు పక్కవాళ్ల కోసం బిగబట్టుకునే కూర్చున్నారన్నమాట. తాను కూడా.

"వణకనీ," అంది. "ఇంక ఆపకు. వణుక్కుంటనే నా ఎంట రా. లోపట నేనే చెప్త."

లోపలికి పోవాల్సిన పని లేకపోయింది. గొంతు పెరిగిందని గదిలోవాళ్లు అప్పటికే వరండాలోకి వచ్చారు. ముందు ప్రవీణ్‌కుమార్, అతని భుజం పట్టుకుని కోసి, వాళ్ల వెనక పిల్లల తలలు.

భద్రమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "నీళ్లు పెరిగినయి. పుల్ల తప్పు చెప్పింది. దిగి చూడక మోసపోయింది నేను. గోదావరి ఎదురు తంతంది, ఇంకా పెరుగుతయి. ఉరకకుండ్రి, ఉరికేందుకు జాగ లేదు. ముందు పిల్లలు కప్పు మీదికి. ప్రవీణూ, డబ్బా మూత తీసి ఫోన్ తీస్కో. వచ్చినయి ఇనకు, చదవకు. మనం ఈడున్నమని చెప్పు. అంతకే ఆపు."

"పుల్ల ఎట్ల తప్పు చెప్తది?" కోసి కర్ర నేలకేసి గుద్దింది. "పుల్లకు నోరుందా? ఎవలు ముట్టిన్రు?"

అందరి చూపులూ ఒకరి మీది నుంచి ఒకరి మీదికి జరిగి, చివరికి కృష్ణకుమారి చేతుల దగ్గర ఆగిపోయాయి. గోళ్ల కింద పసుపు ఉంది.

"నువ్వా?" అంది కోసి.

"నేను ముట్టిన," అన్నాడు రాంచందర్.

"నువ్వు గడప దాటితే గదా ముట్టనీకి! నా కండ్లు పోలే ఇంకా." కోసి కృష్ణకుమారి మీదికి నడిచింది. "పిలిచినవు గదే! ఇంట్లకు పిలిచినవు! నా మనవరాలు పసిపిల్లతోని ఉన్నది ఈడ, నువ్వు నదిని పిలిచినవు! పడవ ఎనక్కి పోయింది, ఎవలు తెస్తరు దాన్ని? నీ అయ్య తెస్తడా?"

"కోసక్కా, తిట్టేది తర్వాత," అని భద్రమ్మ అడ్డం వెళ్లింది. "ముందు మనవరాలిని కప్పు ఎక్కియ్యి. పా. నీ చెయ్యి లేకుంటే ఆ పిల్ల ఎక్కలేదు. తర్వాత నన్ను, దీన్ని, ఇద్దరిని కర్ర తీసుకోని కొట్టు. నేనే వచ్చి నీ ముందర నిలబడత."

కోసి పళ్లు లేని దవడ కదిపింది. ఇంకేదో అనబోయి, లోపల పసిపిల్ల ఏడుపు విని వెనక్కి తిరిగింది. జనం కదిలారు. ఎవరో బల్లలు ఒకదాని మీద ఒకటి వేస్తున్నారు. ప్రవీణ్‌కుమార్ కప్పు అంచు మీద నిలబడి ఫోన్ ఆకాశం వైపు చాచి, "సిగ్నల్ లేదు పెద్దమ్మా, ఒక్క గీత కూడ లేదు," అని అరుస్తున్నాడు. భద్రమ్మ ఒక పసివాణ్ణి ఎత్తి పైకి అందించింది. ఇంకొకర్ని అందుకుంది. ముందున్న పిల్లనే చూసింది. తర్వాత దాని వెనక పిల్లను.

ఎర్రచీర ఉన్నవాళ్లు ఎవరైనా ఇవ్వండి, కర్రకు కట్టి ఊపుదాం అని చెప్పడానికి తిరిగినప్పుడు, కృష్ణకుమారి కనపడలేదు.

రాంచందర్ కనపడ్డాడు. నీటి అంచున, బోర్లాపడిన చాట పక్కన నిలబడి, పొలాల వైపు చూస్తున్నాడు.

కృష్ణకుమారి నీళ్లలో ఉంది. నడుము దాకా మునిగి, రెండు చేతులూ బారలు చాచి, తిన్నగా చింతతోపు వైపు పోతోంది. నీళ్ల కింద తమ పొలం పెద్దగట్టు ఉంది, దిబ్బ దగ్గర మొదలై అవతలి పారా దాకా. పెళ్లయి వచ్చిన నాటినుంచి తల మీద సద్ది గంపతో ఆ గట్టు మీదే తిరిగింది.

"కిష్ణా!" భద్రమ్మ గొంతు చించుకుంది. "ఎనక్కి రా!"

కృష్ణకుమారి ఆగలేదు. తల కూడా తిప్పకుండా బదులు మాత్రం చెప్పింది. నీళ్ల మీద ఆ మాట స్పష్టంగా తేలివచ్చింది. "పోగొట్టింది నేనక్కా, నేనే తెస్త. మన గట్టే గదా, కండ్లు మూసుకోని పోత."

"పోనీ," అంది భద్రమ్మ ఊపిరి బిగబట్టి, తనకే చెప్పుకున్నట్టు. "గట్టు గట్టిది. దాని కాళ్లకు తెల్సు. పారా దాకా పోతది."

భద్రమ్మ పక్కనున్న రాంచందర్ మొహం చూసింది. చేతుల్లో వణుకు లేదు. రక్తం ఇంకిపోయిన మొహం.

"ఏందయ్యా?"

"ఇంట్లకెల్లి ఎల్లే ముందర," అన్నాడు అతను, "అది మూటలు కడతంటే నేను పొలానికి పోయిన వదినె. నారు మునుగుతదని, నీళ్లు పోనీకి గట్టుకు గండి కొట్టిన. ఇంత లోతు. ఇప్పటికి ఆడ ఎంత కోసుకపోయిందో. దానికి చెప్పలే."

"ఏడ?"

రాంచందర్ చెయ్యి చాచాడు. దూరంగా నీళ్లలో, గట్టు పొడుగునా రెండు తాడిచెట్లు నిలబడి ఉన్నాయి. అతని వేలు రెండోదాని మొదట్లో ఆగింది.

కృష్ణకుమారి మొదటి చెట్టును దాటేసింది.

"ఏయ్! ఆగు!" అని భద్రమ్మ అరిచింది. కప్పు మీది పిల్లల ఏడుపులో ఆ కేక కలిసిపోయింది. రాంచందర్ ఒకసారి రెండు చెవులూ మూసుకున్నాడు. తర్వాత చేతులు తీసేశాడు. పెళ్లయ్యాక పదిమందిలో ఎన్నడూ పలకని భార్య పేరును పూర్తిగా, గొంతెత్తి పిలుస్తూ, ఎర్రనీళ్లలోకి దిగాడు.